చెక్క ప్యాలెట్‌కి ముద్ర మంచిదే, కానీ ఏ ముద్ర?

పై వీడియోలో పసుపు బస్తాల కింద ఉన్న చెక్క ప్యాలెట్ మీద గోధుమ కంకి బొమ్మతో ఒక ముద్ర కనిపించింది కదా. దాని గురించే ఈ నాలుగు మాటలు.

"పంట ఆర్గానిక్, సర్టిఫికెట్ ఉంది, మళ్ళీ కింద చెక్కకి కూడా రూలా?" అని మనవాళ్ళు విసుక్కుంటారు. మొదట్లో నేనూ విసుక్కున్నవాడినే. ఇప్పుడు మాత్రం ఈ రూల్ మన పక్షమే అంటాను.

ఎందుకంటే పచ్చి చెక్క లోపల పెంకు పురుగుల పిల్లలు బతికే ఉంటాయి. ఏషియన్ లాంగ్‌హార్న్ బీటిల్ అనే పురుగు చైనా నుంచి అలా చెక్క పెట్టెల్లోనే అమెరికా చేరింది. 1996లో న్యూయార్క్ చెట్లలో బయటపడింది. దాన్ని ఆపడానికి వేల చెట్లు నరకాల్సి వచ్చింది. 2002లో ఐఎస్‌పీఎం 15 అనే అంతర్జాతీయ ప్రమాణం వచ్చింది ఇలాంటి దెబ్బలు తిన్నాకే.

మనకిది కొత్త కథేం కాదు. 2018లో కర్ణాటకలో మొదట కనబడిన కత్తెర పురుగు మన మొక్కజొన్నని ఏం చేసిందో చూశాం. కొబ్బరికి పట్టిన సర్పిలాకార తెల్లదోమ కూడా బయటి దేశాల నుంచి వచ్చిందే. ఇవి చెక్కలో వచ్చాయని నేను అనడం లేదు. పరాయి పురుగు వెంట దాని సహజ శత్రువులు రావు, అందుకే అది ముందు చెలరేగిపోతుంది అంటున్నాను. మన కషాయాలు, మిత్రపురుగులు దాన్ని అందుకునేలోపు పక్క పొలం వాళ్ళు మందు డబ్బా పట్టుకుంటారు. అందుకే పురుగుని బయలుదేరిన చోటే ఆపడం నిజమైన సహజ వ్యవసాయం.

అయితే ఎలా ఆపాలి? నా పేచీ ఇక్కడే. బెరడు తీసిన చెక్కని, దాని మధ్య భాగం 56 డిగ్రీల సెంటీగ్రేడ్‌కి చేరి 30 నిమిషాలు ఆగకుండా ఉండేలా వేడి చేస్తే సరిపోతుంది. ముద్రలో హెచ్‌టి అని ఉంటే అదే. ఎంబి అని ఉంటే మిథైల్ బ్రోమైడ్ వాయువు పెట్టారని అర్థం. అది విషం, పైగా ఓజోన్ పొరని తినేస్తుంది. మాంట్రియల్ ఒప్పందం దీని వాడకాన్ని చాలావరకు ఆపించింది, కానీ క్వారంటైన్ పనులకి మినహాయింపు మిగిల్చింది. యూరోపియన్ యూనియన్ 2010లో తన నేల మీద ఆ వాడకాన్ని కూడా మానేసింది.

"ముద్ర ఉంటే చాలు, వేడికి ఖర్చు ఎక్కువ" అని ప్యాకింగ్ వాళ్ళు అనొచ్చు. పొలంలో చుక్క రసాయనం వాడకుండా పండించిన పంటని విషవాయువు పట్టించిన చెక్క మీద పెట్టి పంపడం నాకైతే మనసొప్పదు. ఆహారానికి వాడే ప్యాకింగ్‌లో సింథటిక్ ఫ్యూమిగెంట్ ఉండకూడదని అమెరికా ఆర్గానిక్ రూల్స్ కూడా చెబుతున్నాయి.

కాబట్టి ఎగుమతి చేసే సంఘాలు ఆర్డర్‌లోనే "హెచ్‌టి ముద్ర ఉన్న ప్యాలెట్లే కావాలి" అని రాయించుకోండి. ముద్రలో ఐఎన్ అనే మన దేశం కోడ్, శుద్ధి చేసిన సంస్థ నంబరు ఉన్నాయో లేదో చూసుకోండి. ముద్ర లేని చెక్కతో సరుకు వెళితే అక్కడి అధికారులు వెనక్కి పంపొచ్చు, చెక్కని ధ్వంసం కూడా చేయించొచ్చు. ప్లైవుడ్‌కి, 6 మిల్లీమీటర్లు మించని పలుచని చెక్కకి ఈ రూల్ వర్తించదు, అదీ ఒక దారే.

ఇంకో మాట. పాత ప్యాలెట్లతో మిద్దెతోట మడులు, కంపోస్టు తొట్లు కట్టేవాళ్ళూ ముద్ర చూడండి. ఎంబి ఉన్నది తోటలోకి తేవద్దు. హెచ్‌టి ఉన్నా, దాని మీద ఏం ఒలికిందో ముద్ర చెప్పదు. మరకలు, మందు వాసన ఉంటే పక్కన పెట్టేయండి.

పంట ఎంత శుభ్రమో, దాన్ని మోసే చెక్క కూడా అంతే శుభ్రంగా ఉండాలి. మీ సంఘం ఏ ముద్ర ప్యాలెట్లు వాడుతోందో వీడియో కింద రాయండి.