కాలిన తాటాకిల్లు: సాయాన్ని నిర్ణయించే పంచనామా

చల్లపల్లి నుంచి దివిసీమ కొస వరకు పేదల గృహనిర్మాణాన్ని మలుపు తిప్పినది 1977 నవంబరు 19 నాటి ఉప్పెన. వేలమందిని బలిగొన్న ఆ విపత్తు తర్వాత తాటాకు కప్పులున్న చోట శ్లాబు ఇళ్ల కాలనీలు వెలిశాయి. 1979లో ఏర్పడిన రాష్ట్ర గృహనిర్మాణ సంస్థ బలహీన వర్గాల ఇళ్ల పథకాలను రాష్ట్రమంతటా చేపట్టింది. సీమనంతటినీ ముంచిన ఉప్పెన ప్రభుత్వాలను కదిలించింది గాని, ఒక వాడలో ఒక ఇంటిని, మరో వాడలో రెండిళ్లను బూడిద చేసే అగ్నిప్రమాదానికి ఆ శ్రద్ధ దక్కలేదు.

వేసవిలో పడమటి గాలి వీచేటప్పుడు ఎండిన తాటాకుకు పొయ్యిలోని నిప్పురవ్వ గాని, విద్యుత్ తీగల షార్ట్ సర్క్యూట్ గాని తగిలితే, అగ్నిమాపక శకటం చేరేలోపే వాసాలు కాలి కప్పు కూలిపోతుంది. దాని కింద బట్టలు, బియ్యం, బీరువాలోని పత్రాలు అన్నీ పోతాయి.

విపత్తు బాధితుల తక్షణ సాయానికి కేంద్ర, రాష్ట్రాలు కలిసి సొమ్ము సమకూర్చే రాష్ట్ర విపత్తు ప్రతిస్పందన నిధి అగ్నిప్రమాదాన్ని కూడా విపత్తుగానే గుర్తిస్తుంది. 2022-26 కాలానికి కేంద్రం ఖరారు చేసిన ప్రమాణాల ప్రకారం మైదాన ప్రాంతంలో పూర్తిగా ధ్వంసమైన ఇంటికి, అది పక్కాదైనా కచ్చాదైనా, రూ.1,20,000 ఇవ్వవచ్చు, గుడిసెకు మాత్రం రూ.8,000. తాటాకు, మట్టి, ప్లాస్టిక్ పట్టాల వంటి వాటితో వేసుకున్న, కచ్చా ఇంటికన్నా తక్కువ స్థాయి తాత్కాలిక నివాసమే గుడిసె అని ఆ ప్రమాణాలు నిర్వచిస్తాయి. మట్టిగోడలపై తాటాకు కప్పిన ఇంట్లో ఒక కుటుంబం ముప్పై ఏళ్లు కాపురమున్నా, పంచనామాలో, అంటే సాక్షుల ఎదుట అధికారులు నష్టాన్ని నమోదు చేసే పత్రంలో, దానిని గుడిసెగా రాస్తే సాయం పదిహేనో వంతుకు పడిపోతుంది. కప్పును చూసి కాపురం విలువ కట్టే ఈ పద్ధతి అన్యాయం. ఎనిమిది వేలతో పక్కా కప్పు వేయలేని కుటుంబం అదే స్థలంలో మళ్లీ తాటాకే కప్పుకుంటుంది. ప్రమాదం ఎప్పటిలాగే పొంచి ఉంటుంది.

శ్లాబు ఇంటి కష్టం వేరు. దాదాపు 300 డిగ్రీల సెల్సియస్ దాటి వేడెక్కిన కాంక్రీటు బలం కోల్పోతుంది కాబట్టి, మసి కడిగి సున్నం వేసినంత మాత్రాన అది నివాసయోగ్యం కాదు. ఇంజనీరు పరీక్షించి తీరాలి.

పక్కా గృహ పథకానికి దరఖాస్తు చేయాలంటే స్థలపట్టా, రేషన్ కార్డు, ఆధార్ కావాలి. అవే మంటల్లో పోయి ఉంటాయి. పట్టా, రేషన్ కార్డుల వివరాలు ప్రభుత్వ రికార్డుల్లో ఉన్నప్పుడు పంచనామాతోపాటే వాటి నకళ్లు బాధితుల చేతికివ్వడం తహసీల్దారు కార్యాలయానికి అసాధ్యం కాదు. ఆ పంచనామానే అర్హతపత్రంగా పరిగణించి, ఇల్లు కాలిన కుటుంబానికి తొలి ప్రాధాన్యంతో పక్కా ఇల్లు మంజూరు చేసే నిబంధనను ప్రభుత్వం తేవాలి.