పద్యం తీసేస్తే ఎవరికి సుఖం?

తెలుగు వాచకం మారుతోందంటే చాలు, ఒక పాట మొదలవుతుంది. ఈ పాత పద్యాలు పిల్లలకెందుకు? అర్థం కావు, అన్నం పెట్టవు, తీసేయండి. ఈ మాట తల్లిదండ్రులే కాదు, కొందరు తెలుగు టీచర్లూ అంటున్నారు. నేను ఒప్పుకోను.

‘దానవీరశూరకర్ణ’ సినిమా 1977లో వచ్చింది. అందులో కొండవీటి వెంకటకవి దుర్యోధనుడికి రాసిన డైలాగును ఇవాళ్టికీ స్కూలు వార్షికోత్సవాల్లో కుర్రాళ్లు గుక్క తిప్పుకోకుండా చెబుతారు. దాన్నిండా సమాసాలే. వాటికి ఎవరూ గైడు కొనివ్వలేదు. కులం ఎత్తి స్నేహితుణ్ని అవమానించారన్న కోపం వాళ్లకు అందింది, మాటలు దాని వెంట వచ్చాయి. క్లాసులో మనం చేసేది దీనికి తలకిందులు. ముందు ప్రతిపదార్థం, తర్వాత గణవిభజన. ఎవరు ఎవరితో, ఎందుకంటున్నారో చెప్పేలోపు బెల్లు కొడతారు.

కష్టమంటారా? ఆరో తరగతి నుంచే ఐఐటీ ఫౌండేషన్‌లో కూర్చోబెడుతున్నాం. ఫిజిక్సు కష్టంగా ఉంది, సిలబస్‌లోంచి తీసేయండని అడిగిన తండ్రిని నేను చూడలేదు.

తిక్కన విరాటపర్వం తీసుకోండి. పదమూడో శతాబ్దపు నెల్లూరు కవి. నిండు సభలో, దాసి వేషంలో ఉన్న ద్రౌపదిని కీచకుడు తన్నాడు. వాడు రాజుగారి బావమరిది, కాబట్టి విరటుడు నోరు మెదపలేదు. కంకుభట్టు వేషంలో ఉన్న ధర్మరాజు, ఆటకత్తెలా సభలో నిలబడతావేం, లోపలికి పొమ్మన్నాడు. ఆమె తగ్గలేదు. నా మగడు నటుడే, పైగా జూదరి, జూదరి ఆలికి మర్యాద ఎక్కడిదని అడిగింది. సభకు అదొక దాసి గోడు. ధర్మరాజుకు మాత్రం చెంపదెబ్బ. బస్సులో వెకిలి చేష్టలు భరించి, ఇంటికొస్తే ‘నువ్వే సర్దుకుపో’ అనిపించుకునే పదిహేనేళ్ల పిల్లకు ఇది పనికిరాదని తేల్చడానికి మనమెవరం?

అవన్నీ పాతకాలపు విలువలండీ అనే మిత్రులున్నారు. ఉండనీయండి. పోట్లాడటానికైనా ఎదురుగా ఒకడుండాలి కదా. పైగా ఆ పాత పద్యాల్లోనే పోట్లాడినవాళ్లున్నారు. నువ్వెవరో తెలియదన్న దుష్యంతుణ్ని నన్నయ శకుంతల కొడుకును పక్కన పెట్టుకుని సభలోనే నిలదీసింది. ఆ మిత్రులు గిడుగు రామమూర్తి పేరూ వాడుకుంటారు. ఆయన పోరాటం వచనం ఏ భాషలో రాయాలన్నదాని మీద. పద్యం చదవొద్దని కాదు. పాత కావ్యాలను తిరగేసి మరీ పండితుల తప్పులు పట్టిన మనిషాయన.

అలాగని ‘వసుచరిత్ర’ శ్లేషలు పదో తరగతిలో పెట్టమని నేనూ అనను. ప్రబంధాల్లోని వర్ణనలు చాలావరకు ఆగొచ్చు. ఎంపిక చెయ్యడానికి ఎవరో ఒకరు కూర్చుని చదవాలి. ఆ శ్రమ తప్పించుకోవడానికి పిల్లల తెలివిని తక్కువ చేస్తున్నాం.

మా అక్క కూతురు తొమ్మిదో తరగతి. సెలవుల్లో విరాటపర్వంలోని ఆ సభ ఘట్టం చదివి వినిపిస్తుంటే మధ్యలో ఆపింది.

“ధర్మరాజు ఎందుకు లేవలేదు మామయ్యా?”

అజ్ఞాతవాసం, బయటపడితే మళ్లీ పన్నెండేళ్లు అడవి అని చెప్పాను.

“అయితే మాత్రం?” అంది, పుస్తకం నా చేతిలోంచి లాక్కుంటూ.