అప్పగించినది మనది కాదు

పాత నాణేలు, చిత్రపటాలు, తాతల నాటి గడియారాలు దుకాణంలో ఇచ్చి ‘అమ్మిపెట్టండి, మీ కమీషన్ మీరు తీసుకోండి’ అనడం లోకమంతటా ఉన్న వాడుకే. అమ్ముడయ్యేదాకా ఆ వస్తువు యజమానిదే, దుకాణదారుడు కాపలాదారుడు మాత్రమే. కానీ ఏళ్లతరబడి తన అరలో ఉన్నది తనదేననుకోవడం పెద్ద శోధన. న్యూయార్క్‌లో పేరున్న కళావ్యాపారి లారెన్స్ శాలండర్, నమ్మి ఇచ్చిన చిత్రాలను యజమానులకు చెప్పకుండా అమ్ముకున్నాడు. 2007లో అతని గ్యాలరీ మూతపడింది, 2010లో నేరం ఒప్పుకొని జైలుకు వెళ్లాడు. అమ్మకానికి అక్కడ ఉంచిన బొత్తిచెల్లి చిత్రం ఎవరిదన్న వివాదం ఆ తర్వాత కూడా కోర్టుల్లో నడిచింది. యజమాని తనదన్నాడు, దివాలా ఆస్తిలో అదీ భాగమని అప్పులవారి తరఫువారు వాదించారు.

ఇది కేవలం వ్యాపార తగాదా అనుకుంటాం. కానీ లేవీయకాండం 6వ అధ్యాయం చూడండి. పొరుగువాడు దాచమని అప్పగించిన దాని విషయంలో బొంకడం దేవునికే చేసిన ద్రోహమంటుంది. తప్పు చేసినవాడు అసలుకు అయిదో వంతు కలిపి సొంతదారునికి తిరిగి ఇవ్వాలి, అపరాధ పరిహారార్థబలీ అర్పించాలి. పొరుగువానికి బాకీ ఉంచుకుని దేవునితో లెక్క సరిచేసుకోవడం కుదరదన్నమాట!

మరి అప్పగించేవాడి సంగతి? ‘మనం విశ్వాసులం కదా, కాగితమెందుకు?’ అంటూ నగలు, పొలం పత్రాలు, డబ్బు నోటిమాట మీద ఇచ్చిపుచ్చుకుంటాం. మాట తెలిసిన పెద్దాయన కన్నుమూశాక పిల్లలు గొడవపడతారు, ఒకే సంఘంలో రెండు కుటుంబాలు ముఖాలు చూసుకోవు. అబద్ధమాడింది ఎవరూ కాకపోవచ్చు, రాసిపెట్టినవారు లేరంతే. ఎజ్రా అలా చేయలేదు. మందిరపు వెండి బంగారాలను, పాత్రలను యాజకులకు తూచి అప్పగించాడు. యెరూషలేములో మళ్లీ లెక్కించి, తూచి, బరువంతా రాయించారు (ఎజ్రా 8:24–34). యాజకుల మీద అనుమానంతో కాదు, వారి మీద నింద రాకూడదని! కానుకలు తీసుకెళ్లేటప్పుడు పౌలు తోడుగా మనుషులను పంపిందీ అందుకే (2 కొరింథీ 8:20–21). సంఘపు సొమ్ము చేతిలో ఉన్న కాపరులమైన మేము ఈ మాట ముందుగా మాకే చెప్పుకోవాలి. రసీదు అడిగిన విశ్వాసిని అవిశ్వాసిగా చూడకూడదు.

ఈ వారం మన బీరువా తెరిచి చూద్దాం. ఎవరో దాచమన్నది, అమ్మిపెట్టమన్నది, అడగడానికి మొహమాటపడుతున్నది అందులో ఉందేమో! వాళ్లు అడగకముందే తీసుకెళ్లి ఇచ్చేద్దాం. ఆ తర్వాత ఆదివారం ఆరాధనకు వెళ్దాం.