బాగుంటే అందరికీ తెలిసుండేది కదా?

మొన్న క్యాంటీన్‌లో నా స్నేహితురాలు అడిగిన ప్రశ్న ఇది. ఒక చెవిలో నా ఇయర్‌ఫోన్, చేతిలో మసాల పూరి ప్లేటు. నేను వినిపించిన పాట ఒక నిమిషం విన్నది. తల కూడా ఊపింది. తర్వాత బ్యాండ్ పేరు అడిగింది. "న్యూ ఇంగ్లండ్" అన్నాను. ఎప్పుడూ వినలేదే అని ఇయర్‌ఫోన్ తీసేసి, "అంత బాగుంటే అందరికీ తెలిసుండేది కదా?" అంది. అప్పుడు నాకు జవాబు తట్టలేదు. జవాబులు ఎప్పుడూ బస్సెక్కాకే గుర్తొస్తాయి కదా! అందుకే ఇక్కడ రాస్తున్నాను.

తెలుగు గోడ పత్రికలో అమెరికా రాక్ సంగీతం ఎందుకని అడిగేవాళ్ళు ఉంటారు. మా ఇంట్లో నాన్న వైపు తెలుగు, అమ్మ వైపు కన్నడ. పాటల విషయంలో మాత్రం నేను మా చిన్నాన్న వైపు. ఆయన దగ్గర బోస్టన్ అనే బ్యాండ్ క్యాసెట్ ఒకటి ఉంది. 1976లో వచ్చిన వాళ్ళ మొదటి ఆల్బం. ఆ పాటలు నేను ఫోన్‌లో వింటుంటే, అవి అయిపోయాక దానంతటదే ఇంకో పాట మొదలైంది. బోస్టన్‌దే అనుకున్నాను. కాదు. అదే ఊరి వాళ్ళు, కానీ వేరే బ్యాండ్. అలా దొరికింది న్యూ ఇంగ్లండ్.

ఈ రకం సంగీతాన్ని అరీనా రాక్ అంటారు. అమెరికాలో బాస్కెట్‌బాల్, ఐస్ హాకీ ఆడే పెద్ద పెద్ద ఇండోర్ స్టేడియంలు ఉంటాయి. 70లలో రాక్ కచేరీలు వాటిలోకి వెళ్ళాయి. ఇరవై వేల మంది కూర్చునే చోట చివరి వరసలో ఉన్నవాడికి పాడేవాడి ముఖం కనపడదు. అతనికి అందాల్సింది పల్లవి. అందుకని పల్లవులు పెద్దవయ్యాయి. నలుగురైదుగురు గొంతులు కలిపి పాడటం, గిటార్ వెనక కీబోర్డులు పరచడం, ఒక్కసారి వింటే జనం కూడా అందుకోగలిగే బాణీ కట్టడం అలవాటయ్యాయి. బోస్టన్, ఫారినర్, జర్నీ, స్టిక్స్ ఈ దారిలోనే పెద్దవాళ్ళయ్యారు.

న్యూ ఇంగ్లండ్‌లో నలుగురే. జాన్ ఫానన్ పాడతాడు, గిటార్ కూడా అతనే. కీబోర్డులు జిమ్మీ వాల్డో, బేస్ గ్యారీ షే, డ్రమ్స్ హర్ష్ గార్డ్‌నర్. (హర్ష్ అంటే మన హర్ష కాదు, నేనూ మొదట అలాగే అనుకున్నాను.) 1979లో మొదటి ఆల్బం వచ్చింది. దాన్ని తయారు చేయించినవాళ్ళు ఇద్దరు. ఒకరు కిస్ బ్యాండ్ పాల్ స్టాన్లీ. ఇంకొకరు క్వీన్ రికార్డులకు సౌండ్ ఇంజనీరుగా పనిచేసిన మైక్ స్టోన్. కిస్ కచేరీలకు ముందు వీళ్ళు వాయించేవాళ్ళు. "డోంట్ ఎవర్ వాన్నా లూజ్ యా" అనే పాట బిల్‌బోర్డ్ పట్టికలో 40వ స్థానం దాకా వెళ్ళింది. ముందు ఇదే వినండి. కీబోర్డు మెల్లగా దారి చూపిస్తుంది, గిటార్ వెనకే వస్తుంది, పల్లవి దగ్గరికి వచ్చేసరికి గొంతులన్నీ ఒక్కసారి పైకి లేస్తాయి. నాకైతే వర్షం ఆగాక మా మిద్దె మీదికి వెళ్ళినట్టు ఉంటుంది.

ఇంతమంది పెద్దవాళ్ళ అండ ఉండి, చేతిలో పాట ఉండి, మరి ఎందుకు మరుగున పడ్డారు?

వీళ్ళ ఆల్బం వేసిన కంపెనీ పేరు ఇన్ఫినిటీ రికార్డ్స్. ఎంసీఏ అనే పెద్ద కంపెనీకి పిల్ల కంపెనీ. ఇన్ఫినిటీ అంటే అనంతం. ఆ అనంతం ఆల్బం వచ్చిన ఏడాదిలోనే ముగిసింది! 1979లో అమెరికాలో రికార్డుల వ్యాపారమే మందగించింది. అదే ఏడాది అక్టోబరులో పోప్ రెండో జాన్ పాల్ అమెరికా పర్యటనకు వెళ్ళారు. ఆ సందడిలో బాగా అమ్ముడుపోతుందని ఇన్ఫినిటీ వాళ్ళు ఆయన పాడిన రికార్డు ఒకటి వేశారు. దాదాపు పది లక్షల కాపీలు ముద్రించారని చెప్తారు. జనం పోప్‌ను చూడటానికి వెళ్ళారు కానీ రికార్డు కొనలేదు. కాపీలు గుట్టలుగా మిగిలిపోయాయి. ఆ ఏడాది చివరికల్లా ఎంసీఏ వాళ్ళు ఇన్ఫినిటీని మూసేసి తమలో కలిపేసుకున్నారు.

న్యూ ఇంగ్లండ్ ఇంకో కంపెనీకి, ఎలెక్ట్రాకి వెళ్ళింది. 1980లో "ఎక్స్‌ప్లోరర్ సూట్", 1981లో "వాకింగ్ వైల్డ్" వేశారు. రెండోదాన్ని తయారు చేయించింది టాడ్ రండ్‌గ్రెన్ అంతటివాడు. అయినా మొదటి ఊపు తిరిగి రాలేదు, బ్యాండ్ విడిపోయింది. వాల్డో, షే వెళ్ళి గ్రాహం బానెట్‌తో కలిసి అల్కాట్రాజ్ అనే బ్యాండ్ పెట్టారు. ఇంగ్వే మాల్మ్‌స్టీన్ పేరు గిటార్ నేర్చుకునే మా చిన్నాన్న కొడుక్కి కూడా తెలుసు. ఆ మాల్మ్‌స్టీన్ వాయించిన అల్కాట్రాజ్ మొదటి ఆల్బంలో కీబోర్డు, బేస్ ఈ న్యూ ఇంగ్లండ్ వాళ్ళవే. అంటే చేతకాక మరుగున పడినవాళ్ళు కాదు.

ఇక పేరొకటి. న్యూ ఇంగ్లండ్ అంటే బోస్టన్ ఉన్న ప్రాంతం పేరు, ఆరు రాష్ట్రాలు కలిసింది. ఫోన్‌లో వెతికితే మ్యాపులు, ఎర్రటి ఆకుల చెట్లు, ఒక ఫుట్‌బాల్ జట్టు వస్తాయి. బ్యాండ్ ఎక్కడో కింద ఉంటుంది. ఇప్పుడు మరుగున పడటానికి ఇదీ ఒక కారణమేనని నాకనిపిస్తుంది.

నా స్నేహితురాలు ఊరుకోదు, తెలుసు. "అదే కంపెనీ వేసిన రూపర్ట్ హోమ్స్ పాట 'ఎస్కేప్' అదే డిసెంబరులో మొదటి స్థానానికి వెళ్ళింది కదా, మంచి పాటకు దారి దొరుకుతుంది కదా" అంటుంది. నిజమే, వెళ్ళింది. కానీ కంపెనీ కూలేసరికి ఆ పాట మెట్లెక్కుతూ ఉంది. ఎక్కుతున్నదాన్ని ఎవరైనా పట్టుకుంటారు. నెలల కిందట వచ్చి, ఇంకొంచెం తోడు దొరికితే నిలబడేదాన్ని ఎవరు పట్టుకుంటారు? ఒకే కంపెనీలో ఒకరికి సమయం కలిసొచ్చింది, ఒకరికి రాలేదు. అందులో పాట గొప్పతనం ఎంత, క్యాలెండర్ గొప్పతనం ఎంత?

మరుగున పడ్డవన్నీ మాణిక్యాలని నేను అనట్లేదు. ఈ ఆల్బంలోనూ లోపాలున్నాయి. ప్రేమ, ఎడబాటు తప్ప మాటల్లో కొత్తదనం తక్కువ. కొన్ని పాటలు మరీ నున్నగా ఉంటాయి, ఇంకొంచెం గరుకుంటే బాగుండు అనిపిస్తుంది. బోస్టన్ మొదటి ఆల్బంతో సమానమా అంటే కాదనే అంటాను. కానీ ఇవి విన్నాక చెప్పే మాటలు. "నాకు తెలియదు కాబట్టి బాగుండదు" అనేది వినకముందు చెప్పే మాట. అది అభిప్రాయం కాదు, బద్ధకం.

ఇంత గట్టిగా ఎందుకు చెప్తున్నానంటే, ఆ మాట ఒకప్పుడు నేనూ అన్నాను. మా అవ్వది కోలారు వైపు. పెళ్ళిళ్ళలో నలుగు పెట్టేటప్పుడు పాడే పాటలు ఆమెకు చాలా వచ్చు. ఒకసారి, నాకు పన్నెండేళ్ళప్పుడు, ఏదో పాడుతుంటే "అవ్వా, ఇది ఏ సినిమాలోది?" అన్నాను. "సినిమాది కాదే, మా అమ్మ పాడేది" అంది. "సినిమాలో లేదంటే అంత గొప్పదేం కాదులే" అనేశాను. అవ్వ నవ్వింది, పాట ఆపేసింది. ఇప్పుడు నేనే వెళ్ళి పాడమని అడిగితే రెండు చరణాలు పాడి, మూడోది గుర్తు రావట్లేదు అంటోంది. న్యూ ఇంగ్లండ్ రికార్డు నలభై ఏళ్ళు దాటాక నాకు దొరికింది, ఎందుకంటే అది రికార్డు. అవ్వ మూడో చరణం ఏ ఫోన్‌లో వెతికినా దొరకదు.

కాబట్టి అక్కలూ, చెల్లెళ్ళూ, ఈ వారం ఒక్క పని చేయండి. ఎవరూ చెప్పని పాట ఒకటి పూర్తిగా వినండి. అమెరికాదైనా సరే, మీ ఇంటి వంటగదిలోదైనా సరే. వంటగదిలోదైతే ఫోన్‌లో రికార్డు చేసి పెట్టుకోండి. విన్నాక నచ్చకపోతే నచ్చలేదనే చెప్పండి. న్యూ ఇంగ్లండ్ విని నన్ను తిట్టాలనుకున్నవాళ్ళు ఈ కాగితం కిందే రాయండి, ఖాళీ వదిలాను. పెన్ను దారంతో కట్టి ఉంది.