అతుకుల బొంతంటే అంత అలుసా?

ఎన్నికల్లో ఏ పార్టీకీ మెజారిటీ రాకపోతే చాలు, పేపర్లవాళ్ళకి బొంత గుర్తొస్తుంది. ‘అతుకుల బొంత ప్రభుత్వం’ అని పతాక శీర్షిక పెట్టేస్తారు. పెళ్ళిపందిట్లో ఓ జంటను ఎత్తిపొడవాలంటే ‘గంతకు తగ్గ బొంత’ అంటారు. ఆఖరికి కాకుల్లో మోటుదానికి కూడా బొంతకాకి అనే పేరు పెట్టారు. ఇలా నోటికొచ్చినట్టు అనేవాళ్ళెవరూ జన్మలో ఒక్క బొంతైనా కుట్టి ఉండరని నా గట్టి నమ్మకం.

కుట్టినవాళ్ళకు తెలుస్తుంది. మెత్తబడ్డ నేతచీరలు మూడో నాలుగో పొరలుగా పరిచి, ముడతల్లేకుండా సాపు చేసి, అంచులు లోపలికి మడిచి, అన్ని పొరల్లోంచీ సూది దిగేలా ఈ చివరినుంచి ఆ చివరిదాకా కుట్టుకుంటూ పోవాలి. విడిగా ఉంటే గాలికే చిరిగిపోయే బట్ట, ఆ కుట్లు పడ్డాక పిల్లల తొక్కుళ్ళకీ, బండమీద ఉతుకుళ్ళకీ ఏళ్ళ తరబడి తట్టుకుంటుంది. ఏ సంకీర్ణ ప్రభుత్వానికైనా అంత ఆయుష్షు ఉందా, మీరే చెప్పండి!

సరే, రాజకీయాలు నాకెందుకు. నా కడుపుమంట వేరే.

మా వీధిలో ఒక బాదంచెట్టు ఉంది. చలి వెనకపట్టే రోజుల్లో, ఆకు రాల్చేముందు, ఎర్రబారిపోతుంది. ఒకే ఆకులో పచ్చ, పసుపు, నారింజ, తాంబూలం పండిన ఎరుపు అన్నీ ఉంటాయి. రెండేళ్ళు ఆ ఆకులేరి తెచ్చి, పుస్తకాల్లో దాచి, తిప్పి తిప్పి చూసి, మూడో ఏడు గోడకు వేలాడదీసే బొంత ఒకటి మొదలుపెట్టాను. ఎరుపు మా అత్తగారి మంగళగిరి చీరలోంచి తీశాను. పసుపు మా అమ్మాయి చిన్నప్పటి పావడాలోది. కత్తిరించిన ముక్కలు ఆకులైతే, వాటి ఈనెలు నా కుట్లు. ఎండుటాకు రంగు ఎక్కడా కుదరక తెల్లబట్టను టీ డికాక్షనులో నానబెట్టాను. (మా వారు ఆ పూట కాఫీతో సరిపెట్టుకున్నారు.) పదకొండు నెలలు పట్టింది.

దాన్ని ఒక చిత్రకళా ప్రదర్శనకి పట్టుకెళితే నిర్వాహకుడు అంచు నలిపి చూసి, “బాగుందమ్మా. కుట్లూ అల్లికలకి వేరే స్టాలుంది, పచ్చళ్ళ పక్కన” అన్నాడు. ఇంటికొస్తే, చుట్టపుచూపుగా వచ్చిన పెద్దావిడ, “పొద్దుపోక కుట్టావా అమ్మాయ్?” అంది.

పొద్దుపోక! తెల్లారకుండా లేచి రాత్రి పదింటికి వంటిల్లు కడుక్కునే మనిషికి పొద్దుపోకపోవడమేమిటండీ? పొద్దు చాలక, పూటకో అరగంట దొంగిలించుకుని కుట్టింది అది. మగవాళ్ళు తలుపు గడియ పెట్టుకుని బొమ్మ వేసుకుంటే సాధన, మనం సూది పడితే కాలక్షేపమూనా?

ఇంతకీ ఆ ప్రదర్శనలో గోడలకెక్కిన తైలవర్ణ చిత్రాలు దేనిమీద వేశారు? కాన్వాసు మీద. కాన్వాసంటే బట్ట కాదూ? బట్టకి రంగు పూస్తే కళ, రంగున్న బట్టని బట్టకి కుడితే పచ్చళ్ళ పక్కన స్టాలు.

అమెరికాలో హారియెట్ పవర్స్ అని ఒకావిడ ఉండేది. 1837లో జార్జియా రాష్ట్రంలో బానిసగా పుట్టింది. బట్టముక్కలతో బైబిలు కథల బొమ్మలు కత్తిరించి కుట్టిన బొంతను 1886లో ఊళ్ళో జరిగిన సంతలో పెట్టింది. చిత్రలేఖనం నేర్పే ఒక టీచరమ్మ చూసి కొంటానంటే అమ్మనంది. నాలుగైదేళ్ళు పోయాక ఇల్లు గడవక, తనే పది డాలర్లకు ఇస్తానంటే చేతికి అయిదే వచ్చాయి. అమ్మేశాక కూడా ఆ బొంతను చూసుకోవడానికి వాళ్ళింటికి వెళ్ళేదట. ఆడపిల్లను అత్తారింట్లో చూసొచ్చినట్టు! ఆవిడ ఇంకో బొంతలో పదిహేను గళ్ళున్నాయి. ఒక గడిలో 1833లో ఆకాశంలోంచి చుక్కలు వానలా రాలిన రాత్రిని కుట్టింది. అది ఆవిడ పుట్టకముందు నాలుగేళ్ళ నాటి ముచ్చట. కళ్ళతో చూడని ఉల్కల వానను సూదిమొనతో పట్టుకున్న మనిషిది పొద్దుపోని పనా? ఇవాళ మొదటి బొంత వాషింగ్టన్‌లో స్మిత్సోనియన్ వారి దగ్గర, రెండోది బోస్టన్ మ్యూజియంలో ఉన్నాయి.

నామీద ఇంకో అభియోగం కూడా ఉంది. “నాలుగు మూలలా ఆ మడతలు ఎక్కడో చూసి కుట్టినవేగా, అందులో నీ సొంతం ఏముంది?” అని. అవును, చూసే కుట్టాను. కర్ణాటకలో, ఉత్తర కన్నడ జిల్లాలో, ఆఫ్రికానుంచి వచ్చినవాళ్ళ సంతతి సిద్దీలున్నారు. వాళ్ళ ఆడవాళ్ళు బొంతను అంచునుంచి మొదలుపెట్టి చుట్టూ తిరుగుతూ నడిమధ్యకు కుట్టుకొస్తారు. నాలుగు మూలలా మడిచిన గుడ్డముక్కలు పెట్టి వాటిని పువ్వులంటారు. ఆ పువ్వులు లేనిదే వాళ్ళకి బొంత పూర్తయినట్టు కాదు. నా బాదం ఆకుల మూలల్లో ఉన్నవి వాళ్ళ పువ్వులే. అడిగినవాళ్ళకల్లా చెబుతాను. చిత్రకారుడు ఇంకో చిత్రకారుణ్ణి చూసి నేర్చుకుంటే ‘ప్రభావం’ అని వ్యాసాలు రాస్తారు. మనం నేర్చుకుంటే కాపీ!

అలబామాలో గీస్ బెండ్ అనే నల్లవాళ్ళ పల్లె ఉంది. అక్కడ బొంతలు దండేలమీద ఆరేసినప్పుడు ఆడవాళ్ళు ఇల్లిల్లూ తిరిగి చూసి, నచ్చింది మనసులో పెట్టుకుని, ఇంటికెళ్ళి తమ పద్ధతిలో కుట్టుకునేవారు. సంక్రాంతి నెలలో ఎదురింటి ముగ్గు చూసొచ్చి, రెండు చుక్కలు పెంచి మన గుమ్మంలో వేసుకోలేదూ?

అయితే ఒక విషయంలో తప్పు మనదే, దాచుకోవడమెందుకు. 1971లో న్యూయార్కులో విట్నీ మ్యూజియంవారు పాత అమెరికన్ బొంతల్ని చిత్రాల్లా గోడలకు కట్టి ప్రదర్శించారు. చూసినవాళ్ళు ఆధునిక చిత్రకళతో పోల్చి మెచ్చుకున్నారు. కానీ కుట్టినావిడ ఎవరో చాలావాటికి తెలియనే తెలియదు. గీస్ బెండ్ బొంతలు 2002లో హ్యూస్టన్‌లో మొదలై అదే విట్నీకి వచ్చినప్పుడు మాత్రం పేర్లతో వచ్చాయి. వాళ్ళలో మిజోరీ పెట్‌వే అనే ఆవిడ, 1942లో, భర్త పోయాక ఆయన పనిబట్టలు విప్పి ఆ ముక్కలతో బొంత కుట్టుకుని కప్పుకుంది. పేరు తెలిసింది గనక ఆ సంగతీ తెలిసింది. పేరు లేకపోతే అది మాసిన గుడ్డల కుప్పే అయ్యేది.

మన అమ్మమ్మలు కుట్టిన బొంతల్లో ఒక్కదానిమీదైనా పేరుందా? గిన్నెలమీద పేర్లు కొట్టించుకున్నాం, చెంబుమీద కూడా ఉంది. మా అమ్మమ్మ బొంత ఏ ఇల్లు మారినప్పుడో అటకమీదనుంచి ఏ సామాన్లబండిలోకి పోయిందో నాకు తెలియదు.

అందుకే నా బొంత వెనకవైపు ఎర్రదారంతో నా పేరూ, సంవత్సరమూ కుట్టాను. కింద ‘మూలపువ్వులు సిద్దీలవి, చీర అత్తగారిది’ అని కూడా. వచ్చే ఏడు ప్రదర్శనకి ఫారం తెప్పించాను. ‘చిత్రం దేనిమీద?’ అన్నచోట ‘బట్ట’ అని రాశాను. ‘ఏ రంగులు వాడారు?’ అన్నచోట నాలుగు చీరలూ, ఒక పావడా, టీ డికాక్షను. పెట్టిన చోటు చాలక వెనక పేజీలోకి వెళ్ళాల్సి వచ్చింది.