పాతబడిన బియ్యం, వయసు మళ్లిన రైతు: జపాన్ అన్నం గిన్నెలో సంక్షోభం

2025 మే 18న జపాన్ వ్యవసాయ మంత్రి టకు ఎటో ఒక పార్టీ కార్యక్రమంలో మాట్లాడుతూ, తాను ఎన్నడూ బియ్యం కొనలేదని, మద్దతుదారులు ఇచ్చిన బియ్యమే అమ్ముకోగలిగినంతగా ఇంట్లో ఉందని అన్నారు. మూడు రోజులకే ఆయన పదవికి రాజీనామా చేయవలసి వచ్చింది. అప్పటికి ఆ దేశ సూపర్‌మార్కెట్లలో ఐదు కిలోల బియ్యం సగటు ధర 4,285 యెన్లకు చేరింది. అంతకు ఏడాది ముందు ఉన్న ధరకు ఇది రెట్టింపు. భారత కరెన్సీలో చూస్తే కిలో దాదాపు 500 రూపాయలు.

కార్ల తయారీలోనూ, ఎలక్ట్రానిక్స్‌లోనూ ప్రపంచానికి పాఠాలు నేర్పిన సంపన్న దేశంలో బియ్యం సంచుల కోసం ప్రజలు బారులు తీరడం వెలుపలివారికి వింతగా తోచింది. అయితే జపాన్ జనజీవనంలో బియ్యానికి ఉన్న స్థానం, ఆ స్థానాన్ని కాపాడే పేరిట అర్ధశతాబ్దిగా సాగిన విధానం రెండింటినీ కలిపి చూస్తే ఈ సంక్షోభం ఆకస్మికం కాదని స్పష్టమవుతుంది.

మాటలోనూ కొలతలోనూ బియ్యమే

తెలుగువారు పొలంలోని పైరును వరి అని, కోసి నూర్చిన గింజను వడ్లు అని, దంచినదాన్ని బియ్యం అని, ఉడికినదాన్ని అన్నం అని వేర్వేరు పేర్లతో పిలుస్తారు. జపనీయుల భాషలోనూ ఇదే విభజన ఉంది. పైరు 'ఇనె', వడ్లు 'మోమి', బియ్యం 'కొమె', అన్నం 'గొహాన్'. 'గొహాన్' అంటే అన్నం మాత్రమే కాదు, భోజనం కూడా. ఉదయపు ఆహారం 'అస-గొహాన్', మధ్యాహ్నానిది 'హిరు-గొహాన్', రాత్రిది 'బన్-గొహాన్'. రొట్టె తిన్నా, సేమ్యా తిన్నా పూట పేరులో అన్నం ఉండవలసిందే. 'అన్నం తిన్నారా' అని పలకరించే తెలుగువారికి ఇది కొత్త కాదు.

ఎడో యుగంలో సామంతుల సంపదను ధనంతో కాక 'కొకు' అనే కొలతతో లెక్కించేవారు. ఒక కొకు అంటే సుమారు 150 కిలోల బియ్యం, అంటే ఒక మనిషికి ఏడాదికి సరిపడే తిండి అని స్థూలమైన లెక్క. సమురాయ్‌ల జీతాలు కూడా బియ్యంలోనే ఉండేవి. నేటికీ జపాన్ చక్రవర్తి రాజప్రాసాద ప్రాంగణంలోని మడిలో స్వయంగా నాటు వేసి, శరదృతువులో కోత కోస్తారు. నవంబరు 23న జరిగే 'నీనామె-సాయ్' క్రతువులో కొత్త పంటను దేవతలకు నివేదిస్తారు. మద్యమైన సాకె, నూతన సంవత్సరానికి చేసే మోచి, ఆలయ ద్వారాలకు కట్టే గడ్డి తాడు అన్నీ వరి నుంచి వచ్చినవే. భోజనం మధ్యలో అన్నంలో చాప్‌స్టిక్స్ నిలువుగా గుచ్చడం అక్కడ పెద్ద తప్పు. మరణించినవారికి పెట్టే అన్నంలో మాత్రమే అలా గుచ్చుతారు. జననం నుంచి మరణం వరకు అన్నం తోడుండే సమాజంలో దాని ధర రెట్టింపైతే అది కేవలం మార్కెట్ వార్తగా మిగలదు.

ఇందుకు చరిత్రలోనూ నిదర్శనం ఉంది. 1918 వేసవిలో తొయామా తీరంలోని మత్స్యకార కుటుంబాల స్త్రీలు బియ్యం ధరలపై మొదలుపెట్టిన నిరసన దేశమంతటా అల్లర్లుగా మారింది. ఆ సెప్టెంబరులో తెరౌచి ప్రభుత్వం పడిపోయింది.

తరుగు ఎక్కడ మొదలైంది

తాజా సంక్షోభానికి తొలి కారణం 2023 నాటి అసాధారణ వేసవి. తీవ్రమైన వేడికి గింజలు పాలిపోయి పెళుసుబారాయి. తూకంలో దిగుబడి పెద్దగా తగ్గినట్లు కనిపించకపోయినా, మర పట్టినప్పుడు తెల్ల బియ్యం తక్కువగా వచ్చింది. 2024లో 3.68 కోట్లకు పైగా విదేశీ పర్యాటకులు రావడంతో హోటళ్ల వాడకం కొంత పెరిగింది. 2024 ఆగస్టు 8న మియజాకి తీరంలో 7.1 తీవ్రతతో భూకంపం సంభవించింది. ఆ వెంటనే నాన్‌కై అగాధంలో మహా భూకంపానికి అవకాశం పెరిగిందని ప్రభుత్వం హెచ్చరించగా, ప్రజలు ముందుజాగ్రత్తగా బియ్యం నిల్వ చేసుకున్నారు. దుకాణాల అరలు ఖాళీ అయ్యాయి.

ఇవన్నీ చిన్న కుదుపులే. కుదుపును తట్టుకోగల మిగులు వ్యవస్థలో లేకపోవడమే అసలు సమస్య. 1962లో జపాన్‌లో ఒక్కో మనిషి సగటున ఏడాదికి 118 కిలోల బియ్యం తినేవాడు. రొట్టె, మాంసం, నూడుల్స్ అలవాటై నేడది 50 కిలోల దరిదాపులకు పడిపోయింది. మిగులు పేరుకుపోవడంతో 1970 నుంచి ప్రభుత్వం 'గెన్‌తాన్' పేరిట సాగు విస్తీర్ణం తగ్గించే విధానాన్ని చేపట్టింది. వరి వేయనందుకు, లేదా వేరే పంటకు మారినందుకు రైతుకు సొమ్ము ఇచ్చారు. 2018లో ఈ విధానం లాంఛనంగా రద్దయినా, పశువుల దాణా వరికి, గోధుమకు, సోయాకు మారితే ఇచ్చే రాయితీలు కొనసాగాయి. ఉత్పత్తిని గిరాకీకి అంగుళం తేడా లేకుండా సరిపెట్టి ధరను నిలబెట్టడమే దీని లక్ష్యం. అలా సరిపెట్టిన తక్కెడ ఒక్క ఎండ దెబ్బకే ఒరిగిపోయింది.

కొత్తకు గౌరవం, పాతకు చిన్నచూపు

1993లో చలి వేసవి పంటను దెబ్బతీసిన అనుభవంతో, 1995 నుంచి జపాన్ పది లక్షల టన్నుల స్థాయిలో ఆపద్ధర్మ నిల్వను నిర్వహిస్తూ వచ్చింది. ఏటా సుమారు రెండు లక్షల టన్నులు కొని, పొట్టు మాత్రమే తీసిన ముడి బియ్యాన్ని చల్లని గిడ్డంగుల్లో ఐదేళ్ల వరకు ఉంచుతారు. ఆ తరువాత దాన్ని దాణాకు అమ్మేస్తారు. 2025 మార్చిలో ఈ నిల్వను వేలం ద్వారా విడుదల చేయగా, తొలి విడతల్లో తొంభై శాతానికి పైగా వ్యవసాయ సహకార సంఘాల సమాఖ్యే కొన్నది. కొన్న బియ్యానికి సమానమైన పరిమాణాన్ని తరువాత ప్రభుత్వానికి తిరిగి అమ్మాలన్న షరతు కూడా ఉంది. టోకు అంచెలు దాటి ఆ బియ్యం దుకాణానికి చేరేసరికి వారాలు గడిచాయి, ధర మాత్రం దిగలేదు.

ఎటో స్థానంలో వచ్చిన షింజిరో కొయిజుమి వేలాన్ని ఆపి, చిల్లర వర్తక సంస్థలకు నేరుగా అమ్మారు. మే నెలాఖరుకే ఐదు కిలోలు సుమారు 2,000 యెన్లకు దుకాణాల్లోకి వచ్చాయి. తెల్లవారకముందే జనం వరుసల్లో నిలబడ్డారు.

ఇక్కడే ఒక సాంస్కృతికమైన చిక్కు ముందుకు వచ్చింది. జపనీయులకు ఆ ఏటి పంట 'షిన్‌మై', అంటే కొత్త బియ్యం. కోసిన ఏడాది డిసెంబరు 31లోగా సంచికెత్తితేనే ఆ పేరు ముద్రించడానికి అనుమతి. ఏడాది దాటితే అది 'కొమై', రెండేళ్లకు 'కొకొమై', మూడేళ్లకు 'కొకొకొమై'. 'పాత' అన్న అక్షరం ఒక్కో ఏడాదికి ఒకటి చొప్పున పెరుగుతూ పోతుంది. 2021 నాటి పంట విడుదల కావడంతో, అంతవరకు వ్యాపారులకే పరిమితమైన ఈ చివరి మాట ఇంటింటా వినిపించింది. మరో ఏడాది ఆగితే ఆ బియ్యం పశువుల మేతే అవుతుందని ఒక ప్రతిపక్ష నేత వ్యాఖ్యానించి విమర్శలు మూటగట్టుకున్నారు. పాత బియ్యంలో చెంచాడు సాకె కలిపి వండితే వాసన పోతుందంటూ పత్రికలు, టీవీలు చిట్కాలు చెప్పాయి.

తెలుగు ఇళ్లలో ఈ విలువలు తలకిందులుగా ఉంటాయి. కొత్త బియ్యం సంక్రాంతి పొంగలికి, అరిసెలకు. రోజువారీ అన్నానికి మాత్రం కనీసం ఆరు నెలలు మాగిన పాత బియ్యం కావాలి. కొత్తవి ముద్దవుతాయని, పాతవైతే మెతుకు విడివిడిగా వస్తుందని దుకాణంలో ఎక్కువ ధర ఇచ్చి మరీ కొంటారు. ఈ తేడాకు గింజ స్వభావమే కారణం. జపాన్‌లో పండే పొట్టి గింజలో అమైలోజ్ అనే పిండిపదార్థం తక్కువగా ఉండి అన్నం జిగురుగా వస్తుంది. చాప్‌స్టిక్స్‌తో పట్టడానికి, ఒనిగిరి ముద్దలు కట్టడానికి ఆ జిగురే ఆధారం. బాపట్లలో రూపొందిన బీపీటీ 5204 వంటి రకాల్లో అమైలోజ్ ఎక్కువ. పప్పు, పులుసు కలుపుకోవడానికి పొడిగా ఉండే ఆ మెతుకే అనువు. నిల్వ ఉన్నకొద్దీ బియ్యం తేమను, జిగురును కోల్పోతుంది. ఒక వంటింట్లో గుణమైనది మరో వంటింట్లో దోషం కావడం ఇందువల్లనే.

ఆహార భద్రతకు సంబంధించి ఇది చిన్న విషయం కాదు. ప్రజలు పాత బియ్యాన్ని కోరుకునే చోట గిడ్డంగిలోని నిల్వ విలువ నిలుస్తుంది. కొత్తదాన్నే కోరే చోట నిల్వ ప్రతి ఏటా విలువ కోల్పోతుంది, దాన్ని మోసే ఖర్చు ప్రభుత్వానిదవుతుంది. 1993లో థాయ్‌లాండ్ నుంచి పొడవు గింజ బియ్యం తెప్పించినప్పుడు జపనీయులు దాన్ని తినడానికి ఇష్టపడని ఉదంతం కూడా ఇదే చెబుతుంది. గోదాములో ధాన్యం ఉండటమూ, పళ్లెంలో అన్నం ఉండటమూ ఒకటి కాదు.

దిగుమతి గోడలో బీటలు

ప్రపంచ వాణిజ్య ఒప్పందం ప్రకారం జపాన్ ఏటా దాదాపు 7.7 లక్షల టన్నుల బియ్యాన్ని సుంకం లేకుండా దిగుమతి చేసుకుంటుంది. అందులో నేరుగా భోజనానికి వెళ్లేది గరిష్ఠంగా లక్ష టన్నులే. ఆపైన తెచ్చుకుంటే కిలోకు 341 యెన్ల సుంకం. సాధారణ పరిస్థితుల్లో ఇది దాటరాని గోడ. 2025లో దేశీయ ధర ఎంతగా పెరిగిందంటే, సుంకం కట్టి తెచ్చినా లాభం మిగిలింది. అయాన్ వంటి పెద్ద సంస్థలు కాలిఫోర్నియాలో పండే కాల్‌రోజ్ బియ్యాన్ని అమ్మకానికి పెట్టాయి. జులైలో అమెరికాతో కుదిరిన సుంకాల ఒప్పందంలో, ఉన్న పరిమితిలోనే అమెరికా బియ్యం కొనుగోలును 75 శాతం పెంచడానికి జపాన్ అంగీకరించింది.

రాజకీయ మూల్యం కూడా తప్పలేదు. జులై 20న జరిగిన ఎగువ సభ ఎన్నికల్లో, ధరల పెరుగుదలే ప్రధానాంశమైన వేళ, పాలక కూటమి ఆధిక్యం కోల్పోయింది. ఆగస్టు 5న ప్రధాని షిగెరు ఇషిబా ఉత్పత్తి చాలలేదని అంగీకరించి, సాగు పెంచే దిశగా విధానం మారుస్తామని ప్రకటించారు. బియ్యం ఉంది, పంపిణీలోనే ఎక్కడో చిక్కుకుందని అంతవరకు ప్రభుత్వం చెబుతూ వచ్చిన మాటకు ఇది పూర్తి విరుద్ధం. అయితే అక్టోబరులో సనాయె తకాయిచి ప్రధాని అయ్యాక, వ్యవసాయ మంత్రి నొరికజు సుజుకి మళ్లీ గిరాకీకి తగిన ఉత్పత్తి అన్న పాత సూత్రాన్నే పలికారు. 2025లో దాదాపు 75 లక్షల టన్నులు పండగా, 2026 పంటకు 71.1 లక్షల టన్నులే చాలని వ్యవసాయ శాఖ అంచనా వేసింది. అదే నవంబరులో దుకాణాల్లో సగటు ధర 4,300 యెన్లు దాటి కొత్త రికార్డు నెలకొల్పింది.

మడి ఉంది, దున్నేవారేరి?

వినియోగదారుడి కష్టం ఒక వైపు కాగా, రైతు గోడు మరో వైపు. ఎరువులు, ఇంధనం, యంత్రాల ఖర్చులు పెరిగినా ఏళ్ల తరబడి ధాన్యం ధర పెరగలేదని, 2025 నాటి ధరే గిట్టుబాటుకు దగ్గరగా ఉందని పలువురు రైతులు వాదించారు. వారి వాదనను తోసిపుచ్చలేము. వ్యవసాయమే ప్రధాన వృత్తిగా ఉన్నవారి సగటు వయసు 2024 అంచనా ప్రకారం 69 ఏళ్లు దాటింది. 2000లో 24 లక్షలుగా ఉన్న వారి సంఖ్య 2024 నాటికి 11 లక్షలకు పడిపోయింది. ప్రభుత్వం రేపు ఎక్కువ పండించమన్నా, నాటు వేసే చేతులు అన్ని లేవు. విస్తీర్ణం తగ్గించడానికి యాభై ఏళ్లు డబ్బిచ్చిన వ్యవస్థ, ఆ మడిలోకి యువకులను తెచ్చే మార్గం మాత్రం కనుగొనలేకపోయింది. కేలరీల లెక్కన జపాన్ ఆహార స్వయంసమృద్ధి 38 శాతమే. దాదాపు పూర్తిగా సొంతంగా పండించుకోగల ఒకే ఒక్క ప్రధాన ధాన్యం కూడా చేజారితే ఆ దేశానికి మిగిలేది స్వల్పం.

భారత్ పరిస్థితి దీనికి పూర్తిగా ఎదురు దిశలో ఉంది. ప్రపంచ బియ్యం వ్యాపారంలో దాదాపు 40 శాతం భారత్‌దే. అక్కడ పండించవద్దని రైతుకు డబ్బిస్తే, ఇక్కడ మద్దతు ధర, సేకరణ ద్వారా పండించడానికి ప్రోత్సాహం ఇస్తున్నారు. అయినా 2023 జులైలో దేశీయ ధరల భయంతో బాస్మతేతర తెల్ల బియ్యం ఎగుమతిని భారత్ నిషేధించవలసి వచ్చింది. 2024 సెప్టెంబరులో గాని ఆ నిషేధం తొలగలేదు. మిగులున్న దేశమూ, సరిపెట్టుకునే దేశమూ వాతావరణం ముందు ఒకేలా తడబడ్డాయి.

బియ్యం ధర ప్రభుత్వాల తలరాతను మార్చగలదన్నది తెలుగు నేలకు తెలిసిన సత్యమే. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం పథకం, 2025 ఉగాదికి తెలంగాణ రేషన్ దుకాణాల్లో మొదలైన సన్నబియ్యం పంపిణీ అందుకు సాక్ష్యాలు. సన్నబియ్యం పథకంలో జపాన్ నుంచి నేర్చుకోవలసిన పాఠానికి దగ్గరైన గుర్తింపు ఒకటి ఉంది: పేదవాడికి ఇచ్చే బియ్యం అతడు నిజంగా వండుకు తినేదై ఉండాలి. లేకుంటే అది పళ్లేనికి కాక దళారి చేతికి చేరుతుంది.

జపాన్ ఇప్పుడు రెండు ప్రశ్నలకు ఒకేసారి సమాధానం వెతకాలి. అన్నం కొనేవారికి భారం కాని ధర ఎంత, పండించేవారిని పొలంలో నిలిపే ధర ఎంత అన్నవి ఆ ప్రశ్నలు. ఈ రెండు అంకెల మధ్య ఉన్న తేడాను ఇన్నాళ్లూ ఉత్పత్తి తగ్గించి, ధర పెంచి వినియోగదారుడి జేబు నుంచే పూడ్చారు. ఉత్పత్తిని పెరగనిచ్చి, ధర పడిపోతే ఆ నష్టాన్ని రైతుకు నేరుగా ఖజానా నుంచి చెల్లించడం మరో దారి. కొందరు వ్యవసాయ ఆర్థికవేత్తలు చాలాకాలంగా సూచిస్తున్నది ఇదే. దానికి ఖర్చవుతుంది, సహకార సంఘాల పట్టు సడలుతుంది, గ్రామీణ ఓట్ల లెక్కలు మారతాయి. ఆ నిర్ణయం వాయిదా పడిన ప్రతి ఏడాదీ గిడ్డంగిలో బియ్యంతో పాటు మడిలో రైతు వయసు కూడా మరో ఏడాది పెరుగుతుంది.