దేవాంగ పిల్లి పిల్లి కాదు

జంతుశాస్త్రం నా విషయం కాదు. తెలుగు పాఠం చెప్పుకొనే వాణ్ణి. అయినా ఈ వ్యాసానికి పూనుకొనడానికి మా తరగతిలో జరిగిన ఒక చిన్న సంఘటన కారణం. పర్యాయపదాల పాఠం నడుస్తుండగా, శేషాచలం అడుగున ఉన్న ఒక పల్లె నుండి వచ్చే విద్యార్థి లేచి, "సార్, దేవాంగ పిల్లిని కూడా మార్జాలమనే అనవచ్చునా?" అని అడిగాడు. జంతుశాస్త్రం చదివే అతని మిత్రుడు వెంటనే "లోరిస్ లైడెక్కెరియానస్!" అని ఒక్క గుక్కలో చెప్పాడు. అంటే ఏమిటని నేను అడిగితే అతని వద్ద సమాధానం లేదు. ఒకనికి ఆ ప్రాణి తెలుసు, దాని కులగోత్రాలు తెలియవు. రెండవవానికి కులగోత్రాలు కంఠస్థం, ప్రాణిని కంటితో చూచి ఎరుగడు. మన చదువుల స్థితి నాకింత స్పష్టంగా మరెన్నడూ కనిపించలేదు.

తిరుమల కొండ ఎక్కేవారికి వానరాలు కొత్త కావు. ఘాట్ రోడ్డు పిట్టగోడల మీద, అలిపిరి మెట్ల వెంబడి కనిపించే కోతికి నడినెత్తిన వెంట్రుకలు టోపీ పెట్టినట్లుంటాయి. నల్లని ముఖమూ బారెడు తోకా గలది కొండముచ్చు. ఈ రెండూ పగటి ప్రాణులు. ఆ అడవుల్లోనే ఉండే దేవాంగ పిల్లి మాత్రం చీకటి పడితే గాని కదలదు. దాని బరువు పావు కిలోకు కాస్త అటూ ఇటూ. తోక లేదు. పుల్లల వంటి కాళ్ళు, ముఖమంతా తామే అయిన రెండు గుండ్రని కళ్ళు. ఆకు కదలకుండా కొమ్మ వెంట నడిచివచ్చి, పురుగును చటుక్కున అందుకొంటుంది. దీపపు వెలుగు పడితే ఆ కళ్ళు నిప్పుకణికల్లా మెరుస్తాయి. పిల్లి కళ్ళూ మెరుస్తాయి కనుక మనవాళ్ళు దీన్ని పిల్లి అన్నారని నా ఊహ.

కంటిని చూచినవారు చేతిని చూడలేదు. పిల్లికి వాడిగోళ్ళు. దీనికి మనకున్నట్లే బల్లపరుపు గోళ్ళు. బొటనవ్రేలు తక్కిన వ్రేళ్ళకు ఎదురుగా వచ్చి కొమ్మను బిగిస్తుంది. కాలి రెండవ వ్రేలికి మాత్రం ఒళ్ళు దువ్వుకొనేందుకు ఒక మొనగోరు మిగిలింది. కింది దవడ ముందుపళ్ళు దువ్వెన పళ్ళలాగా ముందుకు వాలి ఉంటాయి. పిల్లి రెండు నెలలకే ఈనుతుంది. దాని బరువులో పదోవంతైనా లేని ఈ ప్రాణి సుమారు అయిదున్నర నెలలు గర్భం మోస్తుంది. మన జిల్లా సరిహద్దు దాటితే కన్నడిగులు దీన్ని ‘కాడుపాప’ అంటారు, అనగా అడవి బిడ్డ. ఏ శాస్త్రమూ చదవని వారి మాటే సత్యానికి దగ్గరగా ఉంది.

పేరు పెట్టడం ఒక పని, వరుస కలపడం మరొక పని. అమరసింహుడు సింహాదివర్గంలో కపి, ప్లవంగము, శాఖామృగము, మర్కటము అంటూ ఒకే ప్రాణికి అనేక నామాలు కూర్చాడు. కవులకు అది ఎంతో ఉపకారం. పద్నాలుగవ శతాబ్దపు ఈజిప్టు పండితుడు కమాలుద్దీన్ దమీరీ తన ‘హయాతుల్ హయవాన్’లో జంతువులను అక్షరక్రమంలో పేర్చాడు. వెదకేవానికి సుఖమే గాని, అక్షరం కలిసినంత మాత్రాన చుట్టరికం కలవదు గదా! స్వీడన్ దేశపు లినేయస్ 1758లో జంతువులకు రెండేసి మాటల పేర్లను నియమంగా పెట్టి, మనిషినీ కోతినీ లీమర్‌నూ ‘ప్రైమేట్స్’ అనే ఒకే క్రమంలో కూర్చుండబెట్టాడు. డార్విన్ గ్రంథం వెలువడడానికి ఇది 101 సంవత్సరాల ముందటి మాట. పాపం, గబ్బిలాన్ని కూడా అందులోనే చేర్చాడు! తరువాతివారు దిద్దారు.

వర్గీకరణ అనగానే మన విద్యార్థులు నోరు తిరగని లాటిన్ మాటల పట్టిక అనుకొంటారు. నిజానికి అది మన ఇళ్ళలో పెద్దలు చెప్పే వంశవృక్షం, ఉర్దూలో శజరా. ప్రజాతిని ఉర్దూలో జిన్స్ అంటారు, జాతిని నౌ అంటారు, కుటుంబాన్ని ఖాందాన్ అంటారు. ఆ దృష్టితో చూస్తే ఎంతటి ఆశ్చర్యం! తిరుమల అడవిలో ఒకే చెట్టు మీద పగలు కొండముచ్చూ రాత్రి దేవాంగ పిల్లీ సంచరించవచ్చు. కాని దేవాంగ పిల్లికి దగ్గరి చుట్టం సముద్రాల కావల ఆఫ్రికాలో ఉన్న పొట్టో అనే ప్రాణి. ఆ కొండముచ్చుకు దేవాంగ పిల్లి కంటె చెట్టు కింద నిలబడి చూసే మనిషే దగ్గరి చుట్టం. ఇరుగుపొరుగు వేరు, బంధుత్వం వేరు.

శజరాలు తిరగరాయవలసి రావడమూ కద్దు. దక్షిణ అమెరికాలో మార్మోసెట్లనే చిట్టి కోతుల కుటుంబం ఉంది. గెల్డి కోతి అనేదానికి వాటి వంటి గోళ్ళే ఉన్నా, వాటికి లేని మూడవ దవడపన్ను ఉంది. కాన్పుకు అవి కవలలను కంటే ఇది ఒక్క బిడ్డనే కంటుంది. అందుచేత కొందరు దీనికి వేరు కుటుంబం కట్టారు. తీరా జన్యుపరీక్షలు వచ్చిన తరువాత అది మార్మోసెట్ల ఇంటిదేనని తేలింది. మన దేవాంగ పిల్లి కథ దీనికి తిరుగుడు. 1908లో స్పెయిన్ శాస్త్రజ్ఞుడు కబ్రేరా, భారత భూగర్భ సర్వేలో పనిచేసిన లైడెక్కర్ పేరు మీద దీనికి నామకరణం చేశాడు. తరువాత చాలాకాలం దీన్ని సింహళపు జాతిలో ఒక శాఖగానే లెక్కించారు. 2001లో కాలిన్ గ్రోవ్స్ తన గ్రంథంలో రెండూ వేరు జాతులని వ్రాశాడు. వేరని ఒప్పుకొన్న తరువాతనే సింహళపు ఎర్ర దేవాంగ పిల్లికి ఉన్న చోటు ఎంత కొంచెమో లోకానికి తెలిసింది. పేరు మారితే ప్రాణి మారదు, కాని దాని పట్ల మన బాధ్యత మారుతుంది.

ఇక్కడ నాకొక బాధ ఉన్నది. దీని కళ్ళు మందుకూ వశీకరణానికీ పనికివస్తాయన్న మూఢనమ్మకంతో ఈ మూగజీవాన్ని హింసించినవారు, చంపినవారు దక్షిణదేశంలో ఉన్నారు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో ఇది మొదటి షెడ్యూలులో ఉన్నది, అనగా పులితో సమానమైన రక్షణ. కాని చట్టం లోరిస్ అంటుంది, పల్లె పిల్లి అంటుంది. ఈ రెండు మాటలూ ఒకే ప్రాణివని పల్లెకు చెప్పవలసినవారెవరు? లాటిన్ పేరు వల్లించి మార్కులు తెచ్చుకొన్న పట్టభద్రుడు చెప్పలేడు, అతనికే తెలియదు కనుక. "పరీక్షలో అడగరు గదా సార్" అన్న విద్యార్థులను నేను నిందించను. అడగనిది మనమే.

కళాశాల కమిటీ పెద్దలకు నా మనవి పెద్దదేమీ కాదు. మన జంతుశాస్త్ర ప్రయోగశాలలోని చీటీలన్నీ ఇంగ్లీషు లిపిలోనే ఉన్నాయి. ప్రతి చీటీ మీద శాస్త్రీయ నామం కింద తెలుగు పేరు, ఉర్దూ పేరు, ఆ లాటిన్ మాటకు అర్థం వ్రాయించాలి. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమీ ప్రచురించిన పాఠ్యగ్రంథాలుండగా పరిభాష కరవు లేదు. ఊరి పేర్లు ఏ గ్రంథంలోనూ దొరకవు. వాటిని కొండ కింది పల్లెల నుండి వచ్చే విద్యార్థులే సేకరించి తేవాలి. ప్రైమేట్ల వంశవృక్షాన్ని ఒక పెద్ద పటంగా గీయించి వరండాలో వ్రేలాడదీయాలి. లినేయస్ చేర్చిన గబ్బిలాన్ని కూడా ఒక మూల గీసి, దానిపై అడ్డగీత కొట్టించితే మరీ మంచిది. ఉర్దూ శాఖ మిత్రులు వ్రాతపనికి ఒప్పుకొన్నారు. పటానికయ్యే ఖర్చు నేను పెట్టుకొంటాను. దేవాంగ పిల్లి బొమ్మ గీయడానికి, దాన్ని చూచిన మా తరగతి విద్యార్థి ఒకడు సిద్ధంగా ఉన్నాడు.